పట్టు విడువని పాత వైస్

చేతిపని చేసేవాడికి భగవంతుడిచ్చిన రెండు చేతులు చాలవు. ఒక చేత్తో ఇనుపముక్కను పట్టుకొని, రెండవ చేత్తో ఆకురాయి పట్టి రాయడం ఎంతటి నేర్పరికైనా సాధ్యమయ్యే పని కాదు. ఆకురాయికే రెండు చేతులూ కావాలి. అందుకే మనిషి తనకొక మూడవ చేతిని కల్పించుకున్నాడు. దానిపేరే వైస్. హిందీ కార్ఖానాలలో దీనిని 'బాంక్' అంటారు. మన తెలుగువారు మాత్రం ఆంగ్లపదాన్నే సొంతం చేసుకున్నారు. ఎన్ని కొత్త యంత్రాలు వచ్చినా, ఫిట్టరు బల్లమీద ఈ మూడవ చేయి లేని వర్క్‌షాపును నా ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను చూడలేదు.

మన పత్రిక పాఠకులలో వైస్‌తో నిత్యం పనిచేసేవారు అనేకులు. వారి ఇళ్ళలోని వారికి ఆ వస్తువుతో పరిచయం ఉండకపోవచ్చు. ఇద్దరినీ దృష్టిలో ఉంచుకొని, ఒక పాత వైస్‌ను బాగుచేసి, దానికొక పీట కట్టిన అనుభవాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. ఆ వైస్ నాది కాదు. అది ఒక కుటుంబానిది. ఆ కుటుంబంలో మూడు తరాల మధ్య నడుస్తున్న వాదం ఒకటి ఆ వైస్ చుట్టూ తిరిగింది.

2019లో నాకు రాజమండ్రి నుండి హజీరాకు బదిలీ అయింది. హజీరా సూరత్ నగరానికి పడమర, తాపీనది సముద్రంలో కలిసేచోట ఉన్న పారిశ్రామిక ప్రాంతం. సూరత్ అనగానే మనకు జరీ చీరలు, వజ్రాల సాన గుర్తుకు వస్తాయి. చరిత్ర చదివినవారికి 1613లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో ఆంగ్లేయులు స్థాపించుకున్న వర్తక స్థావరం గుర్తుకు వస్తుంది. ఆ నగరంలో మన తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారన్న సంగతి మాత్రం అక్కడికి వెళ్ళేవరకు నాకు తెలియదు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుండి వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధనా పరిసరాలలో స్థిరపడి, మరమగ్గాల మీద జీవిస్తున్నాయి. నగరపాలక సంస్థ వారి పిల్లలకోసం తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. పరాయి రాష్ట్రంలో ఒక బడిగోడమీద 'అ ఆ ఇ ఈ' కనిపించినప్పుడు కలిగే ఆనందం అనుభవించినవారికే తెలుస్తుంది.

2022 ఉగాదినాడు లింబాయత్‌లో ఒక తెలుగువారి ఇంటికి భోజనానికి వెళ్ళాను. ఆ ఇంటి పెద్దకు అప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. అందరూ ఆయనను 'మిస్త్రీ తాత' అంటారు. 1934లో వరంగల్‌లో వెలసిన ఆజంజాహీ మిల్లులో ఆయన పదహారవ ఏట ఫిట్టరుకు సహాయకుడిగా చేరారు. తరువాత బొంబాయి వెళ్ళి ఒక బట్టలమిల్లు వర్క్‌షాపులో పనిచేశారు. 1982 జనవరి 18న బొంబాయి మిల్లు కార్మికుల మహాసమ్మె ప్రారంభమైంది. నెలలు గడిచినా పరిష్కారం కాలేదు. ఎన్నో కుటుంబాలు భివండీకి, షోలాపూరుకు, స్వగ్రామాలకు చెదిరిపోయాయి. ఈయన సూరత్ దారి పట్టారు. వచ్చేముందు, పాతసామాను అమ్మేచోట ఒక వైస్‌ను కొని, గోనెసంచిలో చుట్టి, రైలులో తన సీటు కిందపెట్టి తెచ్చుకున్నారు. "సమ్మెల పైసలన్నీ పాయె సారు. చేతుల పని మిగిలింది. పనికి ఇది గావాలె గద" అన్నారు ఆ సంగతి చెబుతూ.

భోజనానంతరం ఆ వైస్‌ను చూపమని అడిగాను. షెడ్డు వెనుక, టార్పాలిన్ కింద, విరిగిన మగ్గం చక్రాల మధ్య ఒక తుప్పుముద్ద కనిపించింది. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుండి వదిలిన నీటితో తాపీనది పొంగి, సూరత్ నగరంలో అధికభాగం మునిగిపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అప్పట్లో తాతగారి షెడ్డు నది సమీపంలో వేడ్ రోడ్డు వైపు ఉండేది. వైస్ రోజుల తరబడి బురదలో కూరుకుపోయింది. తరువాత షెడ్డు లింబాయత్‌కు మారింది. కొత్తగా ఒక చిన్న వైస్ కొన్నారు. పాతది మూలపడింది.

ఇక వాదం సంగతి. తాతగారి కుమారుడు రింగ్‌రోడ్డులోని ఒక చీరల దుకాణంలో గుమాస్తా. మనుమడు తెలుగు బడిలో చదివి, మజూరా గేట్ ఐ.టి.ఐ.లో ఫిట్టర్ ట్రేడ్ పూర్తిచేశాడు. పాత షటిల్ మగ్గాలు ఒక్కొక్కటిగా తూకానికి అమ్ముడుపోయి, వాటి స్థానంలో వాటర్‌జెట్, రేపియర్ మగ్గాలు వస్తున్న రోజులివి. "మగ్గాలే పోతుంటే మగ్గాల మిస్త్రీకి బతుకెక్కడిది? షెడ్డు ఖాళీ చేద్దాం, అబ్బాయిని నా దుకాణంలో చేరుస్తాను" అని తండ్రి. "కొత్త మగ్గాలకు కూడా భాగాలు అరుగుతాయి గదా" అని కుమారుడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. పాత ఇనుము వ్యాపారి ఆ వైస్‌ను తూచి ఇరవై ఏడు కిలోలని, కిలోకు ముప్పై అయిదు రూపాయలని చెప్పిపోయాడట. అంటే వెయ్యి రూపాయలు కూడా లేదు. తాతగారు ఇద్దరికీ మధ్యేమార్గంగా ఒక షరతు పెట్టారు. "ముందు ఆ వైస్‌ను తిప్పి చూపెట్టు. తిరిగితే నీ మాట వింట. తిరగకుంటే మీ నాయిన మాట విను" అని మనుమడితో అన్నారు.

ఆ కుర్రవాడు నావైపు చూశాడు. ఆదివారాలు వస్తానని మాట ఇచ్చాను.

మొదట చేయవలసిన పని చూడటం. తీగబ్రష్షుతో బురద రాల్చగా, పక్కభాగంలో పోతపోసిన అక్షరాలు బయటపడ్డాయి. 'రికార్డ్' అన్న పేరు, కింద 'ఇంగ్లండ్' అన్న మాట స్పష్టంగా ఉన్నాయి. ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో 1898లో ప్రారంభమైన సి అండ్ జె హాంప్టన్ కంపెనీ వారి పనిముట్ల పేరు ఇది. రంగు పొరల అడుగున, కంపెనీవారి అలవాటైన నీలిరంగు అక్కడక్కడ మిగిలి ఉంది. దవడల వెడల్పు ఆరంగుళాలు. ప్రధాన మర పూర్తిగా బిగుసుకుపోయింది. దవడల ఉక్కు పలకలు అరిగి నునుపెక్కాయి. బల్లకు బిగించే నాలుగు చెవులలో ఒకటి విరిగిపోయింది. అయితే ప్రధానశరీరంలో పగులు లేదు. సుత్తెతో మెల్లగా తట్టితే గంటవలె మోగింది. పగులుంటే శబ్దం బొంగురుగా వస్తుంది. పోత ఇనుమును పరీక్షించడానికి ఇంతకంటె చౌక పద్ధతి లేదు.

బిగిసిన మరను విడదీయడంలో యువకులకు తొందర ఎక్కువ. మనుమడు చేతిపిడికి నాలుగడుగుల పైపు తొడగబోయాడు. తాతగారు వారించారు. వైస్ పిడి పొడవును తయారీదారు ఊరికే నిర్ణయించడు. మనిషి బలం ఎంతవరకు చెల్లవచ్చునో, అంతకే దానిని కొలిచి పెడతాడు. పైపు తొడిగితే ఆ లెక్క తప్పుతుంది. పోత ఇనుము వంగదు, ఒక్కసారిగా విరుగుతుంది. కనుక కిరసనాయిలులో కొంత ఇంజను ఆయిలు కలిపి, మర చుట్టూ పోసి, రోజూ ఉదయం సాయంత్రం ఇత్తడి సుత్తెతో తట్టించాము. తట్టడం వల్ల సూక్ష్మమైన సందులు ఏర్పడి నూనె లోపలికి దిగుతుంది. తాతగారు కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకొని ఆ చప్పుడు వినేవారు. రెండవ ఆదివారం హఠాత్తుగా "ఆగు, గొంతు మారింది" అన్నారు. నాకు ఏ తేడా వినిపించలేదు. మనుమడు పిడిని రెండు చేతులతో పట్టి, ముందు బిగించే వైపుకు, తరువాత విప్పేవైపుకు మెల్లగా ఊపాడు. కిర్రుమని వెంట్రుకవాసి కదిలింది. ఆ రోజు అంతకుమించి తిప్పవద్దని తాతగారు శాసించారు. మరునాటికి పావుచుట్టు, వారానికి పూర్తిగా బయటకు వచ్చింది.

తుప్పు వదిలించడానికి విద్యుత్ పద్ధతిని అనుసరించాము. ఇంటివద్ద ప్రయత్నించదలచినవారికోసం వివరంగా వ్రాస్తున్నాను. ప్లాస్టిక్ డ్రమ్ములో నీరు నింపి, లీటరుకు ఒక చిన్న చెంచాడు చొప్పున చాకలిసోడా కలపాలి. తుప్పుపట్టిన వస్తువును అందులో వేలాడదీసి, పన్నెండు వోల్టుల బ్యాటరీ చార్జరు ఋణధ్రువానికి కలపాలి. పనికిరాని ఇనుపరేకులను చుట్టూ నిలబెట్టి ధనధ్రువానికి కలపాలి. వస్తువు, రేకులు ఒకదానికొకటి తగలరాదు. కరెంటు ప్రవహించగానే వస్తువు ఉపరితలం నుండి సన్నని బుడగలు లేస్తాయి. ఎర్రని తుప్పు మెత్తని నల్లపొడిగా మారి వదులవుతుంది. మంచి ఇనుము ఏమాత్రం కరగదు. ఆమ్లంలో ముంచడం కంటె ఈ పద్ధతి మేలనడానికి కారణం ఇదే.

భద్రత విషయంలో మూడు హెచ్చరికలు. ఆ బుడగలలో హైడ్రోజన్ ఉంటుంది కనుక ఈ పని ఆరుబయటనే చేయాలి. దగ్గరలో నిప్పు ఉండరాదు. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలును ఎన్నడూ వాడరాదు. దానిలోని క్రోమియం విషపదార్థంగా మారి నీటిలో కలుస్తుంది. నీటిలో చేయి పెట్టేముందు చార్జరు ఆపివేయాలి.

ఒక రాత్రి, ఒక పగలు గడిచాక డ్రమ్ములోంచి తీసి కడిగితే, బూడిదరంగు ఇనుము బయటపడింది. తడి ఆరేలోగానే కొత్త తుప్పు పట్టనారంభిస్తుంది. కాబట్టి వెంటనే గుడ్డతో తుడిచి, ఎండలో వేడెక్కించి, రంగు వేయవలసిన భాగాలకు రెడాక్సైడు, జారే భాగాలకు నూనె పూశాము.

దవడల పలకలను పట్టి ఉంచే మరమేకుల వద్ద ఒక మంచి పాఠం దొరికింది. ఒక మేకు విరిగి లోపలే ఉండిపోయింది. దానిని డ్రిల్లుతో తీసివేశాము. మనుమడు తన దగ్గరున్న ఎనిమిది మిల్లీమీటర్ల మెట్రిక్ మరమేకును అందులో పెట్టాడు. రెండు చుట్లు సాఫీగా వెళ్ళింది. మూడవ చుట్టు వద్ద బిగిసింది. బలవంతంగా తిప్పబోతే తాతగారు చేయి పట్టుకున్నారు. ఆ రంధ్రం అయిదు బై పదహారు అంగుళాల విట్‌వర్త్ మరది. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆంగ్ల ఇంజనీరు 1841లో ప్రతిపాదించిన కొలతల ప్రకారం దాని పళ్ళ కోణం యాభై అయిదు డిగ్రీలు, అంగుళానికి పద్దెనిమిది చుట్లు. మెట్రిక్ మరకు కోణం అరవై డిగ్రీలు. ఎనిమిది మిల్లీమీటర్ల మేకుకు అంగుళానికి ఇరవైకి పైగా చుట్లు వస్తాయి. లావులో రెండూ దాదాపు సమానం. అందువల్లనే అవి మొదట కలిసినట్లే నటిస్తాయి, తరువాత ఒకదాని పళ్ళను మరొకటి తినేస్తాయి. "రెండు చుట్లు పోయిందని సంబంధం ఖాయం జేసుకోవద్దు బిడ్డా" అని తాతగారు అనగానే ఇంట్లో ఆడవారు కూడా నవ్వారు. పాతసామాను దుకాణంలో వెదకి విట్‌వర్త్ ట్యాపు ఒకటి సంపాదించి, మరను శుభ్రం చేసి, అదే కొలత మేకులు తిరిగించాము.

కొత్త పలకలకు లారీ కమాను పట్టీ ముక్క వాడాము. ముందు ఎర్రగా కాల్చి బూడిదలో నెమ్మదిగా చల్లార్చి మెత్తబరచి, రంధ్రాలు వేసి, ఆకురాయితో అడ్డదిడ్డంగా గీతలు కోశాము. తరువాత తిరిగి ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గాజువలె గట్టిపడింది. అంత గట్టిదనం పెళుసు. కనుక పైభాగాన్ని సానబట్టి మెరిపించి, సన్నని సెగమీద పెట్టి, రంగుమారడం చూడాలి. మొదట ఎండుగడ్డి రంగు, తరువాత గోధుమ, ఆపైన నెమలికంఠం రంగు వస్తాయి. వేడి పెరిగినకొద్దీ ఉక్కు పెళుసుదనం పోయి గట్టిదనం తగ్గుతుంది. తాతగారి చూపు మందగించింది. దగ్గర కూర్చుని మనుమడిని "ఇప్పుడు ఏ రంగు?" అని అడుగుతూ పోయారు. గోధుమరంగు దాటి నీలిఛాయ తొంగిచూస్తున్నదని కుర్రవాడు చెప్పగానే "తియ్" అన్నారు. కళ్ళు మనుమడివి, తెలివి తాతది. అరవై ఏళ్ళ విద్య ఒక చేతి నుండి మరొక చేతికి మారడం ఆ రోజు నేను స్వయంగా చూశాను. సున్నితమైన పనులకు పైన తొడగడానికి అల్యూమినియం దవడలు కూడా ఒక జత చేశాము.

మరకు, దాని నట్టుకు మధ్య పావుచుట్టు వదులు ఉంది. కొత్త నట్టు పోయించాలా అని నేనడిగాను. తాతగారు వద్దన్నారు. ఆయన మాట నిజం. వైస్ బిగిసినప్పుడు మర ఒకేవైపు ఒరిగి కూర్చుంటుంది కనుక ఆ వదులు పట్టుకు అడ్డురాదు. జారే దవడ పక్కలకు ఊగుతున్నదా లేదా అన్నదే ముఖ్యం. అది ఊగలేదు. అవసరం లేని మరమ్మతు చేయకపోవడం కూడా మరమ్మతులో ఒక భాగం.

ఇక పీట. షెడ్డు అద్దెది. నేలకు రంధ్రాలు చేయడానికి యజమాని ఒప్పుకోడు. నాలుగు కాళ్ళ బల్ల ఎగుడుదిగుడు నేలమీద ఊగుతుంది. మూడు కాళ్ళది ఏ నేలమీదనైనా స్థిరంగా నిలుస్తుంది. కనుక నాలుగంగుళాల పైపును నిలువు స్తంభంగా, దానికి అడుగున చానల్ ఇనుముతో మూడు చాపిన కాళ్ళు, పైన పదహారు మిల్లీమీటర్ల మందమైన పలక అని గీసుకున్నాము. కదలకుండా ఉండటానికి కాళ్ళమీద ఒక అర కట్టి, అందులో పాత మగ్గాల బరువైన చక్రాలు పేర్చాము. ఖాళీ పైపు ప్రతి దెబ్బకూ మోగుతుంది. ఆ మోతను చంపడానికి ఎండు ఇసుక నింపాము. ఇక్కడ ఒక జాగ్రత్త. ఇసుక నింపిన పైపును మూసి వెల్డింగు చేయరాదు. తేమ ఆవిరిగా మారి పైపు పేలే ప్రమాదం ఉంది. వెల్డింగంతా ముగిసి చల్లారాక ఇసుక పోసి, మూతను బోల్టులతో బిగించాము. విరిగిన చెవిని అతికే ప్రయత్నం చేయలేదు. పోత ఇనుమును అతకడానికి ముందుగా సమంగా వేడిచేసి, నికెల్ రాడ్లు వాడి, నెమ్మదిగా చల్లార్చాలి. ఆ ఏర్పాట్లు షెడ్డులో లేవు. మిగిలిన మొదలుమీద నుండి ఒక మందపాటి ఇనుపపట్టీ వంచి, రెండువైపులా బోల్టులతో బిగించాము. వెనుకదవడ ముఖం పలక అంచుకు కొద్దిగా ముందుకు వచ్చేటట్లు అమర్చాము. అలా ఉంటేనే పొడవైన కడ్డీని నిలువుగా పట్టించినప్పుడు పలకకు తగలకుండా కిందికి దిగుతుంది.

పీట ఎత్తు దగ్గర పని ఆగింది. నిలబడి మోచేయి మడిస్తే, మోచేయి ఉన్నచోట దవడల పైఅంచు ఉండాలన్నది ఫిట్టర్ల నియమం. అంతకంటె ఎత్తయితే భుజం నొప్పి, తక్కువయితే నడుము నొప్పి. తాతగారు పొట్టి మనిషి. ఆయన మోచేయి ముప్పై తొమ్మిది అంగుళాలు. మనుమడు పొడగరి. అతడిది నలభై మూడు. నలభై ఏళ్ళు ఆ వైస్‌ను మోసిన పెద్దాయన కొలతకే పీట కట్టాలని మనుమడు పట్టుబట్టాడు. తండ్రి అంతవరకు మా పనిని దూరం నుండి చూస్తున్నవాడు, ఆ రోజు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. తాతగారు కుర్చీలోంచి లేచి, సుద్దముక్క తీసుకొని, మనుమడి మోచేతి ఎత్తున పైపుమీద గీత గీశారు. "నేను ఇంకెన్నొద్దులు నిలబడుత? వాని ఎత్తుకు గట్టుండ్రి" అన్నారు. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత తండ్రి బయటికి వెళ్ళి, చీరల పెట్టెల చెక్కలు నాలుగు తెచ్చి, తానే మేకులు కొట్టి, నాలుగంగుళాల ఎత్తున్న ఒక చెక్కమెట్టు తయారుచేశాడు. "నాయినా, నువ్వు దీనిమీద నిలబడి పనిజెయ్" అన్నాడు. గుమాస్తా చేతిలో సుత్తె అంత నేర్పుగా ఆడటం చూసి, ఆయనా మిస్త్రీ కొడుకేనన్న సంగతి మాకు గుర్తొచ్చింది.

ఆ ఏడాది దసరా ఆయుధపూజకు వైస్ నీలిరంగుతో, అక్షరాలు తెల్లగా, కొత్త పీటమీద కొలువుతీరింది. పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయ దవడల మధ్య ఉంచి, తాతగారిచేతనే పిడి తిప్పించారు. ఒక వేలితో తిరిగింది. తండ్రి తన కుమారుడికి ఒక సంవత్సరం గడువిచ్చాడు. నెలకు షెడ్డు అద్దెపోను దుకాణం జీతమంత మిగలకపోతే తన మాట వినాలన్నాడు. తొలి ఆరు నెలలు కష్టంగా గడిచాయి. తరువాత రేపియర్ మగ్గాల భాగాలు, ఎంబ్రాయిడరీ యంత్రాల ఫ్రేములు మరమ్మతుకు రాసాగాయి. గడువు దాటింది. ఆ లెక్క ఎవరూ తీయలేదు. షెడ్డు నడుస్తూనే ఉంది.

పాత వస్తువు కనుక గొప్పదని నేనేమీ వాదించబోను. ఇప్పుడు జలంధర్, లూధియానాలలో మంచి వైస్‌లు తయారవుతున్నాయి. కొత్తది కొనడమే చాలామందికి సులభం. అయినా తూకానికి వేసేముందు ప్రతి పాత పనిముట్టునూ ఒకసారి సుత్తెతో తట్టి వినండని మాత్రం మనవి చేస్తున్నాను. గంటవలె మోగితే దానిలో ఇంకా పని మిగిలి ఉన్నట్లే. మన ఇళ్ళలో, మన వర్క్‌షాపులలో పదవీ విరమణకు దగ్గరైన పెద్దల పక్కన ఒక కుర్రవాడిని కూర్చోబెట్టి "ఇప్పుడు ఏ రంగు?" అని అడిగించగలిగితే, వారితో వెళ్ళిపోయే విద్యలో కొంతైనా ఇక్కడ నిలుస్తుంది.